ఒక్కరి వంటకు, చిన్న పుల్లల పొయ్యికి సరిపడే గిన్నె ఏది?

ఒంటరిబాట
నేను ఒక్కడినే ఒకటి రెండు రాత్రులు ఆరుబయట గడిపి వస్తుంటాను. ఇన్నాళ్ళూ గ్యాస్ బర్నర్ వాడాను. ఈ మధ్యనే ఎండుపుల్లలతో మండే చిన్న పొయ్యికి మారాను. రెండు గోడల మధ్య గాలి తిరిగే రకం స్టీలు పొయ్యి అది, నోరు దాదాపు 11 సెం.మీ. వెడల్పు ఉంటుంది. గ్యాస్ మీద వాడిన 750 మి.లీ. టైటానియం మగ్గునే దాని మీద పెట్టాను, ఒకే పూటలో మూడు ఇబ్బందులు ఎదురయ్యాయి. మగ్గు అడుగు తొమ్మిదిన్నర సెంటీమీటర్లే కావడంతో మంట దాని చుట్టూ ఎగబాకి, మడత పిడులకు ఉన్న సిలికాన్ తొడుగును కాల్చేసింది. ఓట్స్ జావ నడుమ నాణెమంత మేర మాడిపోయింది, అంచుల దగ్గర మాత్రం ఉడకనే లేదు. ఇంకో పుల్ల వేద్దామని చెయ్యి పెట్టేసరికి మగ్గు ఒరిగి సగం నీళ్ళు నిప్పుల మీద పడ్డాయి. టైటానియం వదిలేసి స్టీలుకు వెళ్ళాలా, అల్యూమినియానికి వెళ్ళాలా అన్నది నా ప్రశ్న. సంచి బరువు పెరగడం నాకు ఇష్టం లేదు, అయితే ఆకలితో కూర్చుని మాడిన జావ గోక్కోవడం అంతకన్నా ఇష్టం లేదు.

లోహపరిచయం
మాడడానికి కారణం వేడి పక్కలకు పాకకపోవడం. ఉష్ణవాహకత (లోహం వేడిని పాకించే గుణం) లెక్కల్లో అల్యూమినియం 200కు పైన ఉంటే టైటానియం 20 దగ్గర, స్టెయిన్‌లెస్ స్టీలు 15 దగ్గర ఉంటాయి. అంటే టైటానియం వదిలి స్టీలుకు వెళ్ళినంత మాత్రాన మీ జావ మాడకుండా ఉండదు, అల్యూమినియానికి వెళ్తేనే తేడా కనిపిస్తుంది.

మూడురాళ్ళు
ముందు లోహం గురించి ఆలోచించడమే పొరపాటని నాకు అనిపిస్తోంది. ఒంటరిబాట గారు చెప్పిన మూడు ఇబ్బందుల్లో రెండు గిన్నె ఆకారం వల్ల వచ్చినవి. పొయ్యి నోటికన్నా అడుగు సన్నంగా ఉన్న గిన్నెను ఏ లోహంతో చేసినా మంట పక్కల నుంచి జారిపోతుంది, పిడి కాలుతుంది, ఎత్తుగా ఉన్న గిన్నె ఒరుగుతుంది. గ్యాస్ మంట అడుగున ఒకచోట బుద్ధిగా కూర్చుంటుంది కనుక సన్నని మగ్గు అక్కడ చెల్లింది. పుల్లల మంట నాలుకలు చాచుకుంటూ పైకి వస్తుంది, దాన్ని అడ్డుకోవడానికి వెడల్పైన అడుగు కావాలి. పొయ్యి నోటికన్నా ఒకటి రెండు సెంటీమీటర్లు ఎక్కువ వెడల్పు, ఆ వెడల్పుకు మించని ఎత్తు ఉన్న గిన్నెను చూడండి. లోహం సంగతి ఆ తరువాత తేల్చుకోవచ్చు.

చితుకులు
మూడురాళ్ళు గారి మాటకు ఒక చిన్న లెక్క తోడు చేస్తాను. తొమ్మిదిన్నర సెంటీమీటర్ల అడుగు వైశాల్యం దాదాపు 71 చదరపు సెంటీమీటర్లు, 12 సెంటీమీటర్ల అడుగుది 113. మంటకు ఎదురుగా నిలిచే చోటు ఒకటిన్నర రెట్లకు పైగా పెరుగుతుంది.

తేలికసంచి
నేను ఒప్పుకోలేకపోతున్నాను. ఆరేళ్ళుగా సన్నని టైటానియం మగ్గుతోనే, పుల్లల పొయ్యి మీదే నెట్టుకొస్తున్నాను. నేను అందులో నీళ్ళు తప్ప ఇంకేమీ కాచను. నీళ్ళు మరిగాక ఎండబెట్టిన ఆహారం మీద పోసి, మూతపెట్టి, గుడ్డ చుట్టి పావుగంట ఆగుతాను, మాడే ప్రసక్తే రాదు. సిలికాన్ తొడుగును మొదటి రోజే ఒలిచేశాను, పట్టుకోవడానికి తోలు చేతి తొడుగు చాలు. మూత సహా వంద గ్రాములు దాటని మగ్గు ఉండగా దానికి రెట్టింపు బరువున్న గిన్నెను ఎందుకు మొయ్యాలి?

మూడురాళ్ళు
మీరు నీళ్ళు కాచుకుంటున్నారు, ఆయన జావ వండుకుంటున్నారు. రెండు పనులకూ ఒకే సలహా కుదరదు కదా. ఒంటరిబాట గారు ఏం వండుకోదలచారో ముందు చెప్తే బాగుంటుంది.

ఒంటరిబాట
ఉదయం టీకి నీళ్ళు, సాయంత్రం ఏదో ఒక చిక్కటి వంట. గింజలు ఉడికించి, కూరగాయల ముక్కలు వేసి, సన్నసెగ మీద ఇరవై నిమిషాలు ఉంచడం నాకు ఇష్టం. పొద్దు వాలాక పొయ్యి పక్కన కూర్చుని కలియబెట్టుకుంటూ ఉండడం కోసమే నేను పుల్లల పొయ్యికి మారాను, నీళ్ళు పోసి ఆగడం నాకు వంటలా అనిపించదు.

లోహపరిచయం
అలాగైతే నేను ముందు చెప్పినదాన్ని కొంచెం విడమరచాలి, ఎందుకంటే వాహకత ఒక్కటే చూస్తే సరిపోదు, రేకు మందం కూడా కలుపుకోవాలి. అడుగున ఒకచోట తగిలిన వేడి పక్కలకు ఎంత పాకుతుందన్నది వాహకతను మందంతో గుణిస్తే తెలుస్తుంది. టైటానియం రేకు 0.4 మి.మీ. ఉందనుకుంటే గుణకారం 8 వస్తుంది. స్టీలు 0.5 మి.మీ. ఉంటే ఏడున్నర, అల్యూమినియం ఒక మి.మీ. ఉంటే 200. ఇక బరువు చూడండి. సాంద్రతలు వరుసగా 4.5, 8, 2.7 కనుక అవే మందాలకు ఒక చదరపు సెంటీమీటరు రేకు టైటానియంలో 0.18 గ్రాములు, స్టీలులో 0.4, అల్యూమినియంలో 0.27 తూగుతుంది. సన్నని స్టీలు గిన్నె కొంటే టైటానియానికి రెట్టింపుకు పైగా బరువు మోస్తూ, మాడడంలో మాత్రం ఏ మార్పూ లేకుండా ఉంటారు. నీళ్ళు కాచేటప్పుడు ఈ తేడా దాదాపు పట్టదు, నీళ్ళే లోపల తిరుగుతూ వేడిని సర్దుతాయి. తేలికసంచి గారి అనుభవం అందుకే నిజం. చిక్కబడ్డ జావ అలా తిరగదు, అందుకే మీ అనుభవమూ నిజమే.

తేలికసంచి
ఈ వివరణ నాకు నచ్చింది. నా మాట నీళ్ళవరకే అని సవరించుకుంటున్నాను.

నిప్పురవ్వ
అల్యూమినియం పొగడ్తలు చదివి నేను చేసిన తప్పును చెప్పక తప్పదు. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, బాగా రాజుకున్న నిప్పుల వేడి దాన్ని దాటగలదు. గిన్నెలో నీళ్ళు ఉన్నంతసేపు లోహం నూరు డిగ్రీలకు మరీ దూరం పోదు కనుక భయం లేదు. నేను గిన్నెను పొయ్యి మీదే వదిలి పుల్లలు ఏరుకోవడానికి వెళ్ళాను. చీకటి పడడంతో దారి తడుముకుంటూ ఆలస్యంగా తిరిగి వచ్చాను. నీళ్ళు ఇగిరిపోయి, గిన్నె అడుగు చెంచా గుంటలా కిందికి దిగి ఉంది. ఆ గిన్నె ఆ తరువాత ఏ పొయ్యి కుదుళ్ళ (గిన్నెను పైన నిలిపే ఆనుల) మీదా తిన్నగా నిలవలేదు. స్టీలైతే 1400 డిగ్రీల దాకా, టైటానియమైతే 1668 దాకా కరగదు. ఏమరుపాటుగా ఉండేవాళ్ళకు స్టీలే మేలు.

వానకోయిల
నిప్పురవ్వ గారు చెప్పినదానికి నాన్‌స్టిక్ పూతను కూడా కలపండి. ఆ పూత 260 డిగ్రీలు దాటితే చెడిపోవడం మొదలవుతుంది, ఇంకా వేడెక్కితే ఊపిరికి హాని చేసే పొగలు వస్తాయి. సెగను తిప్పి తగ్గించుకునే మీట పుల్లల పొయ్యికి ఉండదు. లోపల పూత ఉన్న గిన్నెను దీనికోసం ఎవరూ కొనవద్దు. అల్యూమినియం తీసుకుంటే హార్డ్ ఆనొడైజ్డ్ రకం తీసుకోవాలి. అది పైన పూసిన పూత కాదు, ఆ లోహపు ఆక్సైడునే గట్టిపరచిన పొర. పులుపు పదార్థాలు కూడా దానితో అంత త్వరగా కలియవు.

బూడిదగంప
ఆ పొరకు ఒక శత్రువు ఉంది, అది మన పొయ్యిలోనే పుడుతుంది. కట్టెల బూడిద నీటితో కలిస్తే క్షారం అవుతుంది. స్టీలు గిన్నెను తడి బూడిదతో తోమితే తళతళలాడుతుంది, అదే బూడిద అల్యూమినియాన్నీ దాని ఆక్సైడు పొరనూ తినేస్తుంది. నా ముదురు రంగు గిన్నెకు లోపల తడి బూడిద పట్టించి రాత్రంతా వదిలేశాను, తెల్లవారేసరికి తెల్లని మచ్చలు తేలాయి. ఆ గిన్నెకు ఇసుక, నీళ్ళు, మెత్తని పీచు మాత్రమే వాడాలని ఆ రోజు తెలుసుకున్నాను.

చితుకులు
ఇది నాకు తెలియదు. చాలా ఉపయోగపడే మాట.

ఒంటరిబాట
పిడుల గురించి కూడా ఎవరైనా చెప్పండి. ఆ రోజు కాలింది సిలికాన్ మాత్రమే కాదు, నా వేళ్ళు కూడా.

మూడురాళ్ళు
పుల్లల పొయ్యికి బకెట్ పిడిలా పైన వంపు తిరిగిన తీగ పిడి ఉన్న గిన్నెను మించినది లేదు. దాన్ని ఒక పుల్లతో ఎత్తవచ్చు, మూడు కర్రలు కట్టి వేలాడదీయవచ్చు, పొయ్యిలో పుల్లలు వేసేటప్పుడు గిన్నెను ఒక చేత్తో పైకెత్తి పట్టుకోవచ్చు. మీ మగ్గు ఒరిగిన సందర్భంలో ఇదే అక్కరకు వచ్చేది. కొనే ముందు ఒకటి చూసుకోండి: పిడి నిటారుగా నిలబడి ఉండేలా చెవుల దగ్గర గాడి ఉందా, లేక వదలగానే పక్కకు వాలిపోతుందా? పక్కకు వాలిన తీగ మంటలో పడి ఎర్రబడుతుంది. చెవులను రివెట్లతో బిగించారా, వెల్డింగ్ చేశారా అన్నది కూడా గమనించండి. మెత్తని టంకంతో అతికించినదైతే నీళ్ళు లేనిచోట అతుకు ఊడిపోతుంది.

గాలివాటం
మడత పిడులు ఉన్నా పరవాలేదు. పొయ్యికి పుల్లలు వేసే కిటికీ ఉంటుంది కదా, మంట ఎక్కువగా అటే నాలుక చాపుతుంది. పిడులను దానికి ఎదురు దిక్కుకు తిప్పి పెడితే సగం బాధ తీరుతుంది. పిడులు అడుగు దగ్గర కాకుండా అంచు దగ్గర అతికి ఉన్న గిన్నె అయితే ఇంకా మంచిది. లేదంటే పిడి లేని గిన్నె, విడిగా ఒక చిన్న పట్టకారు. పట్టకారు సంచిలో ఉంటుంది కనుక ఎప్పుడూ చల్లగానే ఉంటుంది, అయితే ఎక్కడో పెట్టి మరచిపోతే వంట అక్కడే ఆగిపోతుంది.

నిప్పురవ్వ
మూత మీద బొడిపె కూడా చూడండి. ప్లాస్టిక్ బొడిపె ఉంటే తీసేసి తీగ ఉంగరం తగిలించండి. మూత లేకుండా వండితే బూడిద రేణువులు లోపల పడతాయి, పుల్లలు కూడా ఎక్కువ ఖర్చవుతాయి.

పొయ్యిగడ్డ
చాలాసేపటి నుంచి గిన్నె గురించే మాట్లాడుతున్నాం, పొయ్యి పని తీరును కూడా కలిపి చూడాలి. ఒంటరిబాట గారిది రెండు గోడల పొయ్యి. కింది రంధ్రాల నుంచి వచ్చే గాలి పుల్లలను మండిస్తుంది. గోడల మధ్య వేడెక్కిన గాలి పైఅంచు దగ్గరి రంధ్రాల నుంచి వచ్చి, కట్టె నుంచి లేచిన పొగను మళ్ళీ మండిస్తుంది. ఈ రెండో మంటకు చోటు, గాలి రెండూ కావాలి. పుల్లలను ఆ పైరంధ్రాలు దాటి నింపితే పొగ ఊరికే పోతుంది. గిన్నె పొయ్యి నోటి మీద నేరుగా కూర్చుంటే ఆ మంట పుట్టకముందే చల్లారి మసిగా మారుతుంది. అందుకని వెడల్పైన గిన్నె మంచిదే, కానీ దాని కిందా చుట్టూ వేడి గాలి బయటపడడానికి కుదుళ్ళ ఎత్తు తప్పనిసరి. మా కుదుళ్ళు తక్కువ ఎత్తులో ఉండేవి, వాటి మీద 15 సెం.మీ. గిన్నె పెట్టిన ప్రతిసారీ పొగతో కళ్ళు మండేవి. అదే పొయ్యి మీద 12 సెం.మీ. గిన్నె పెడితే శుభ్రంగా మండింది.

మూడురాళ్ళు
పొయ్యిగడ్డ గారి మాటతో ఏకీభవిస్తాను. వెడల్పుకు కూడా హద్దు ఉందని నేను ముందే చెప్పి ఉండాల్సింది.

వానకోయిల
ఎన్ని పుల్లలు పడతాయో లెక్క వేసి చూశాను. అర లీటరు నీటిని 20 డిగ్రీల నుంచి మరిగించడానికి దాదాపు 167 కిలోజౌళ్ళు కావాలి. బాగా ఎండిన కట్టె కిలోకు సుమారు 15 మెగాజౌళ్ళు ఇస్తుంది. అందులో పదో వంతు మాత్రమే గిన్నెకు చేరిందనుకుంటే నూట పది గ్రాముల పుల్లలు సరిపోతాయి, అంటే వేలి మందం పుల్లలు ఒకటి రెండు గుప్పెళ్ళు. పచ్చి కట్టె బరువులో సగం దాకా నీరే ఉండవచ్చు. ఆ నీటిని ఆవిరి చేయడానికి కిలోకు 2.26 మెగాజౌళ్ళు పోతాయి, మంట వేడి కూడా పడిపోయి పొగ పెరుగుతుంది. గిన్నె ఎంత మంచిదైనా తడి పుల్లల ముందు ఓడిపోతుంది.

కొండచరియ
ఎత్తైన చోట్లకు వెళ్ళేవాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ప్రతి మూడు వందల మీటర్లకు నీరు మరిగే వేడి సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. మూడు వేల మీటర్ల దగ్గర నీరు 90 డిగ్రీలకే మరుగుతుంది కనుక గింజలు ఉడకడానికి చాలాసేపు పడుతుంది. అక్కడ బాగా బిగిసే మూత, మాడని అడుగు రెండూ అవసరం.

తేలికసంచి
మసి గురించి ఎవరూ మాట్లాడలేదు. గ్యాస్ నుంచి మారినవాళ్ళకు అది పెద్ద దెబ్బ. నా సంచిలో మొదటి యాత్రలోనే పడక, చొక్కా రెండూ నల్లబడ్డాయి.

బూడిదగంప
పొయ్యి మీద పెట్టే ముందు గిన్నె బయటి వైపు మాత్రమే సబ్బు పలచగా పూసి ఆరనివ్వండి. మసి ఆ సబ్బు పొర మీద కూర్చుంటుంది, నీళ్ళు పోసి తుడిస్తే దాంతో పాటే వచ్చేస్తుంది. జిగురు కారే కట్టెలు వేస్తే మాత్రం తారులాంటి మసి పడుతుంది, అది అంత సులువుగా వదలదు. నన్నడిగితే రాలే మసిని ఆకులతో దులిపి, అంటుకున్న నలుపును అలాగే ఉంచడం మంచిది. నల్లని అడుగు నిప్పుల సెగను మెరిసే అడుగుకన్నా బాగా పీల్చుకుంటుంది. గిన్నెకు మందపాటి గుడ్డ సంచి ఒకటి కుట్టుకుంటే మిగతా సామాను శుభ్రంగా ఉంటుంది.

గాలివాటం
కొత్తగా వచ్చేవాళ్ళ కోసం మూడు హెచ్చరికలు చెప్తాను, ఇవి ప్రాణాలకు సంబంధించినవి. రెండు గోడల మగ్గును గానీ, వేడి నిలిపే ఫ్లాస్కును గానీ మంట మీద పెట్టవద్దు, గోడల మధ్య మూసుకుపోయిన చోట ఒత్తిడి పెరిగి పగిలిపోవచ్చు. జింకు పూత ఉన్న డబ్బాలను గిన్నెలుగా వాడవద్దు, జింకు 420 డిగ్రీలకే కరుగుతుంది, ఇంకా కాలితే వచ్చే పొగ జ్వరం తెప్పిస్తుంది. వాన పడుతోందని పొయ్యిని గుడారంలోకి తీసుకుపోవద్దు. మంట ఆరి నిప్పులు మాత్రమే మిగిలినా వాసన లేని కార్బన్ మోనాక్సైడు వస్తూనే ఉంటుంది.

చితుకులు
రెండో గోడ లేని మామూలు స్టీలు నీళ్ళ సీసాను మూత తీసి నిప్పుల పక్కన పెట్టవచ్చు కదా?

గాలివాటం
పెట్టవచ్చు, లోపల పూత ఏదీ లేకపోతే. మూత తప్పనిసరిగా తీసి ఉండాలి.

ఒంటరిబాట
ఇవన్నీ చదివాక కొత్తది ఏదీ కొనకుండా, స్నేహితుడి దగ్గర ఉన్న గిన్నెను అడిగి తీసుకుని నిన్న సాయంత్రం పోల్చి చూశాను. హార్డ్ ఆనొడైజ్డ్ అల్యూమినియం, వెడల్పు 12 సెం.మీ., ఎత్తు 9 సెం.మీ., తీగ పిడి, దాదాపు ఒక లీటరు పడుతుంది. ఒకే చెట్టు ఎండుపుల్లలను వేలి మందానికి విరిచి, రెండు సమానమైన కుప్పలుగా పెట్టుకున్నాను. అర లీటరు నీళ్ళు మగ్గులో మరిగేసరికి కుప్ప దాదాపు అయిపోయింది, గిన్నెలో మరిగేసరికి మూడో వంతు మిగిలింది. తరువాత అదే గిన్నెలో గింజలు పోసి, మంటను నిప్పుల దాకా తగ్గనిచ్చి, రెండు మూడు నిమిషాలకు ఒక చిన్న పుల్ల చొప్పున వేస్తూ ఇరవై ఐదు నిమిషాలు ఉడికించాను. అడుగంటలేదు. నడుమ, అంచున ఒకేలా ఉడికింది. పుల్ల వేసిన ప్రతిసారీ పిడి పట్టుకుని గిన్నెను పైకెత్తాను, ఒక్క చుక్క కూడా ఒలకలేదు. చాలా రోజుల తరువాత పొయ్యి దగ్గర హాయిగా కూర్చున్నాను.

లోహపరిచయం
చాలా సంతోషం. బరువు ఎంత పెరిగింది?

ఒంటరిబాట
మూతతో కలిపి మగ్గుకన్నా నూట ఇరవై గ్రాములు ఎక్కువ. ఇంకొక చిక్కు కూడా ఉంది. మగ్గు పొయ్యిలోకి దిగిపోయేది, రెండూ ఒకే మూటగా ఉండేవి. ఈ గిన్నె ఎత్తు తొమ్మిదే కనుక పొయ్యి అందులో ఇమడదు, మూత పడకుండా పైకి పొడుచుకు వస్తుంది.

పొయ్యిగడ్డ
అదే వెడల్పులో పది పదకొండు సెంటీమీటర్ల ఎత్తున్న గిన్నె దొరికితే చూడండి. మీ పొయ్యి కుదుళ్ళు లోపలికి మడిచే రకమైతే, దాన్ని తిరగేసి పెడితే ఇమడవచ్చు. కొనే ముందు అట్టముక్కతో పొయ్యి కొలతకు ఒక గొట్టం చుట్టి, దాన్ని గిన్నెలో పెట్టి చూసుకోండి.

తేలికసంచి
లేదంటే పొయ్యినే మార్చుకోవచ్చు. పలకలుగా విడిపోయి, చదునుగా మడిచే పొయ్యి అయితే సంచి వీపు పక్కన నిలబడుతుంది, అప్పుడు గిన్నె లోపల రెండు పూటల తిండి పెట్టుకోవచ్చు. గోడ ఒకటే కనుక కొంచెం ఎక్కువ పొగ వస్తుంది.

ఒంటరిబాట
పొయ్యిని మార్చను, అది నాకు అలవాటైపోయింది. అట్టగొట్టం ఉపాయంతో వెతుకుతాను. అప్పటిదాకా స్నేహితుడి గిన్నెనే, బూడిదగంప గారు చెప్పినట్టు గుడ్డ సంచి కుట్టి, అందులో పెట్టుకుని తీసుకుపోతాను. తడి బూడిద మాత్రం దాని దగ్గరికి రానివ్వను, అది నా గిన్నె కాదు.